కుట్టు వెంబడి కత్తెర

గట్ల కాదు బిడ్డా, ముందుగాల పోయిన వారం ఏడ ఆపినమో అది రాయి. దివ్యా, మీ తాత మాట మెల్లగ వస్తదని విసుక్కోకు. మెల్లగ చెప్త, మెల్లగ రాయి. చదివేటోళ్లల్ల కొత్తోళ్లుంటరు, వాళ్లకు గూడ తెల్వాలె కదా.

పోయిన వారం మనం సుబ్బమ్మను నీళ్ల క్యాను కాడ నిలబెట్టి వచ్చినం. అనంతపురం దిక్కుకెళ్లి వచ్చి, ఖాజాగూడల ఇరవై రెండేండ్లు పెనిమిటితోని కలిసి టైలర్ దుకాణం నడిపిన సుబ్బమ్మ. పెనిమిటి ఈశ్వరయ్యకు చూపు మందగించింది. దుకాణం మూతబడ్డది. కుట్టుమిషను బాలనర్సయ్య పాతసామాన్ల షెడ్డుకు పోయింది. సుబ్బమ్మ పోయి ఆన్‌లైన్ బట్టల గోదాంల పనికి కుదిరింది.

ఆ పని ఏందంటే, కొత్తబట్టలు కోసుడు. జనం ఫోన్‌ల చూసి తెప్పించుకుంటరు, వద్దని వాపసు పంపుతరు. గుండీ ఊడిందనో, జర మరక ఉన్నదనో, ఉత్తగ కవరు చినిగిందనో కొన్ని పక్కకు పడ్తయి. అగ్గువకు అమ్మితే కంపెనీ పేరు పోతదట. ఉత్తగ పంచితే ధర పడిపోతదట. అందుకని ఎవ్వరికీ పనికిరాకుంట కోసి, మూటగట్టి, లారీకెత్తాలె. ఆ లారీ ఏడికో దూరంగ సిమెంటు బట్టీలకు పోతదని చెప్తరు.

అయితే సుబ్బమ్మ చెయ్యి కంపెనీ చెప్పినట్టు కొయ్యలే. గుడ్డ నడుమిట్ల కత్తెర పెట్టనీకి ఆ చెయ్యి ఒప్పలే. కుట్టు వెంబడి కోసింది. భుజం కుట్టు, చంక కుట్టు, పక్క కుట్టు. చూసేటోళ్లకు అంగీ ముక్కలైనట్టే అగుపడ్తది. పని తెలిసినోళ్లకు మాత్రం అవి మల్ల కలిపి కుట్టనీకి తయారుగున్న ముక్కలు. దొంగతనం చేద్దామని కాదు. ఒక్క పేలిక ఇంటికి తేలే. చెయ్యి గట్ల అలవాటైంది, గంతే.

ఇంతల గోదాం సూపర్వైజర్ హేమంత్ నీళ్ల క్యాను కాడికి వచ్చి, అటిటు చూసి, "పెద్దమ్మా, ఈ పొద్దు అడ్డంగా కొయ్యి" అని ఒక్క మాటన్నడు. హేమంతుది గూడ అనంతపురం దిక్కే. వాళ్ల నాయన తొడిగిన అంగీలన్నీ ఈశ్వరయ్య కుట్టినయే. "ఏం నాయనా?" అని ఆమె అడిగేలోపల పోయిండు.

ఆడ ఆపినం. ఇగ రాయి.

సుబ్బమ్మ గ్లాసు కింద పెట్టి మల్ల మేజా కాడికి వచ్చి నిలబడ్డది. పొద్దుగాల తొమ్మిదింటి సంది నిలబడే ఉన్నది. మడిమలకెళ్లి నడుం దాంక ఒకటే లాగుడు. ఆ మేజా చుట్టూ ఎనిమిది మంది ఆడోళ్లు. కుర్చీలు లెవ్వు, కూసుంటె పని జరగదట. పైన ట్యూబులైట్లు. ఎండ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో లోపలున్నోళ్లకు తెల్వదు. కాళ్ల నొప్పులతోని యాళ్ల తెలుసుకోవాలె.

ఆ దినం మంగళారం. ఈశ్వరయ్యకు ఒక పట్టింపు ఉండె. మంగళారం నాడు కొత్తగుడ్డ మీద కత్తెర పెట్టడు. ఆ దినం దుకాణంల పాతబట్టలే. ఒకరి చీర చినిగితే లంగ, లంగ చినిగితే బొంత, బొంత గూడ పోతే మసిగుడ్డ. "కొత్తదానికి ఆరు దినాలుండాయి, పాతదానికి ఒక్క దినమన్నా ఉండాల గదా" అనెటోడు. పెండ్లోళ్లు వచ్చి బతిమిలాడినా ఇనెటోడు కాదు. గోదాంల మంగళారం లేదు, శుక్రారం లేదు. ఏడాదిన్నర సంది సుబ్బమ్మ ప్రతి మంగళారం మొదటి అంగీ చేతికి తీసుకున్నప్పుడు పెనిమిటి మొఖం యాదికొస్తది. మల్ల పనిల పడి మరుస్తది.

ఆ పొద్దుగాల ఇంట్లకెళ్లి బయలెల్లేటప్పుడు గూడ ఆయన గడప కాడ నిలబడి ఉండె. భుజం మీద పచ్చదారం ముక్క ఒకటి అంటుకోనుంటె ఆమె తీసి పారేసింది. బొంతది అంటుకున్నదేమో అనుకున్నది.

"యాడికి పోతాండావు ఇయ్యాల?" అని అడిగింది.

"యాడికి పోతా? చెరువు కట్ట మీద గాలికి కూసుంటా."

"బండ్లు చూసుకొని దాటు. కండ్లు లేవు, జాగ్రత్తన్నా లేకపోతే ఎట్లా?"

"కండ్లు లేవు గానీ చెవులుండాయి లేవే. నీ అరుపు చెరువు కాడికి గూడా ఇనపడుతుంది" అని నవ్విండు. ఈ నడుమ మనిషి జర హుషారైండు. రాత్రి సంగటి ఒక ముద్ద ఎక్కువ అడుగుతున్నడు. చెరువు గాలికి ఆకలైతున్నదేమోనని ఆమె సంబరపడ్డది.

సరే, గోదాంలకు రా.

మూడు గొట్టంగ అద్దాల తలుపు తెరుచుకున్నది. హైటెక్ సిటీ ఆఫీసుకెళ్లి ఒక మేడం వచ్చింది. పేరు హరిత. ముప్పై దాటి ఉంటయి. మెడల కార్డు, చేతుల ఒక పెద్ద సంచి. కండ్ల కింద నల్లగ ఉన్నది, ఆమె గూడ మస్తు దినాల సంది సరిగ్గ పండుకోలేదేమో అన్నట్టు. ఎనకాల హేమంత్, నిలబడ్డ చోట నిలబడుతలేడు.

"నమస్తే అండి అందరికీ" అన్నది హరిత. "కంగారేం లేదు. మీరు రోజూ ఎలా కోస్తారో అలాగే ఒక్కొక్కరు ఒక్కొక్కటి కోసి చూపించండి. చిన్న వీడియో తీసుకుంటాను, కొత్తగా చేరేవాళ్లకి చూపించడానికి."

సుబ్బమ్మ పక్కన పింకీ ఉంటది. శేరిలింగంపల్లి పిల్ల, ఇద్దరు పిల్లల తల్లి. నోరు ఊకోదు. "వీడియోనా మేడం? జర ఆగున్రి, బొట్టు సరిజేసుకుంట. మా ఆయన చూసి, గోదాంల గింత మంచిగ పని చేస్తవు, ఇంట్లెందుకు చెయ్యవంటడు."

ఆడోళ్లు నవ్విన్రు. హరిత గూడ నవ్వింది గానీ ఆ నవ్వు కండ్ల దాంక రాలే. సుబ్బమ్మ ఒక్కతే నవ్వలే. హేమంత్ చెప్పిన మాట ఇప్పుడు అర్థమైంది. వీడియో కాదు ఇది. కుట్టు మీద కోసే చెయ్యి ఎవరిదో పట్టనీకి వచ్చిన్రు.

మొదటామె కోసింది. సర్రుమని అడ్డంగ. రెండో ఆమె, సర్రుమని. మూడో ఆమె. ఫోను పట్టుకోని హరిత ఒక్కొక్కరి కాడ ఆగుతున్నది, కోసిన ముక్కలు తిరగేసి చూస్తున్నది, ముందుకు వస్తున్నది.

సుబ్బమ్మ ఆరో మనిషి. ఆమె ముంగట ఒక చంటిపిల్లగాని అంగీ పడ్డది. తెల్లది. పై గుండీ ఒక్కటి లేదు. గుండీ కుట్టనీకి ఎంతసేపు పడ్తది? సూదిల దారం ఎక్కిచ్చినంత సేపు.

ఆమె అంగీని పరిచింది. చేతులు వాటంతటవే భుజానికి భుజం కలుపుతున్నయి, పక్క కుట్టు ఎతుకుతున్నయి. ఆపింది. కత్తెరను ఛాతీ నడుమ పెట్టింది. కుట్టు వెంబడి కోస్తే టకటకమని దారం తెగిన చప్పుడు వస్తది. అడ్డం కోస్తే సర్రుమంటది. ఆ సర్రుమనుడు ఏడాదిన్నర సంది పక్కోళ్ల చేతులల్ల విన్నది, తన చేతుల ఎన్నడూ వినలే. కండ్లు మూసుకోలే. మూసుకుంటె తెలిసిపోతది. చూసుకుంటనే కోసింది. ఒక్కసారి అడ్డం, ఒక్కసారి నిలువు. అంగీ నాలుగు తుకడాలై మేజా మీద పడ్డది.

"థాంక్సండి" అని హరిత పక్కకు జరిగింది.

సుబ్బమ్మకు లోపల ఒక బరువు దిగింది. మల్ల అంతకు రెండింతల బరువు ఎక్కింది. ఈ వయసుల గిది గూడ చెయ్యవలసి వచ్చె, అనుకున్నది. అనుకోని తల తిప్పేటాలకు పక్కన ఏమైతున్నదో అగుపడ్డది.

పింకీ కుర్తా పరిచింది. భుజానికి భుజం కలిపింది. చంక కాడ బొటనేలు పెట్టి కుట్టు తడిమింది. టకటక, టకటక. నవ్వుకుంటనే కోస్తున్నది, సుబ్బమ్మ నేర్పిన తీరుగనే.

ఎన్నడు నేర్పింది? పింకీ కొత్తగ వచ్చిన నెల. అడ్డం కోసి కోసి బొటనేలు మీద బొబ్బ లేచి, ఆ పిల్ల మూలకు పోయి ఏడుస్తుండె. "అడ్డం కోస్తే అన్ని పోగులు తెగాల, చెయ్యి పోతాది. కుట్టు మీద పో, ఒక్క దారమే గదా తెగేది" అని సుబ్బమ్మ చెయ్యి పట్టుకోని చూపెట్టింది. బొబ్బ మానింది. చెయ్యి మాత్రం అదే తొవ్వ పట్టింది. సుబ్బమ్మ ఆ సంగతే మరిచింది. హేమంత్ తనకు చెప్పిండు, తను పింకీకి చెప్పాలె కదా! తన చెయ్యి కాపాడుకునే ఫికర్‌ల, తను నేర్పిన చెయ్యి యాదికి రాలే.

హరిత ఫోను ఆపింది. కుర్తా ముక్కలు ఎత్తి చూసింది. ముందటి భాగం, ఎనకటి భాగం, రెండు చేతులు. ఒక్కటి గూడ చినగలే.

"పింకీ గారూ, ఇలా కోయడం ఎవరు నేర్పారండి?"

పింకీ నవ్వు ఆగింది. ఎందుకు అడుగుతున్నరో తెల్వదు, గానీ అడిగిన తీరుకు ఏదో అర్థమైంది. సుబ్బమ్మ దిక్కు చూడలే. మంచిదే ఆ పిల్ల. "ఎవ్వరు నేర్పలే మేడం. నాకే వచ్చింది."

హరిత తెచ్చిన సంచి మేజా మీద బోర్లిచ్చింది. పదకొండు బట్టలు. ఫ్రాకులు, అంగీలు, కుర్తాలు. "ఇవి ప్రగతి నగర్‌ సంతలో కొన్నామండి. అన్నీ మనవే. మనం కోసి పంపినవే. ఎవరో మళ్లీ కుట్టి అమ్ముతున్నారు. అడ్డంగా కోసుంటే కుట్టడం కుదరదు కదా." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతుల కోపం లేదు, అలుపే ఉన్నది. "కార్డు తీసి హేమంత్‌కి ఇచ్చేయండి పింకీ గారూ. రేపటి నుంచి రావొద్దు."

మేజా చుట్టూ ఆడోళ్లు కత్తెర్లు కింద పెట్టిన్రు.

పింకీ మెడలకెళ్లి కార్డు తీస్తుంటె దాని నాడా జడకు చిక్కుపడ్డది. గుంజింది. రాలే. మల్ల గుంజింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. "పెద్దమ్మా, జర తియ్యరాదు" అన్నది.

సుబ్బమ్మ చేతులు చాపింది. వెంట్రుకల నడుమకెళ్లి నాడాను మెల్లగ విడిపిచ్చింది. విడిపిచ్చిన నాడాను హేమంతుకు ఇయ్యలే. తీసుకపోయి మల్ల పింకీ మెడలనే వేసింది. కార్డు తిప్పి, పేరు బయటికి వచ్చేటట్టు సరిగ్గ పెట్టింది.

"ఈ పిల్లకు నేర్పింది నేనమ్మా" అన్నది. "కుట్టు మీద కోసేది నేను. ఇందాక అడ్డం కోసింది మీరు చూస్తాండారని. దానికి తెలీదు, పాపం. పంపేది ఉంటే నన్ను పంపు."

పింకీ "పెద్దమ్మా" అని నోరు తెరిచింది. హేమంత్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.

హరిత మేజా మీది బట్టలన్నీ సంచిలకు ఎత్తుకున్నది. మల్ల, "మీరందరూ వెళ్లి టీ తాగి రండి" అని తక్కినోళ్లను పంపింది. "మీరు రండి అమ్మా, కూర్చుందాం."

ఏడాదిన్నర తర్వాత ఆ గోదాంల సుబ్బమ్మకు కూసోమని చెప్పింది ఆమెనే.

అద్దాల గదిల మూడు కుర్చీలున్నయి. సుబ్బమ్మ ఒకదాంట్ల కూసున్నది. కూసోంగనే కాళ్లు జివ్వుమన్నయి, గా సుఖం చూస్తే ఏడుపొచ్చేటట్టున్నది. ఎదురుంగ గోడ మీద ఆకుపచ్చ అట్ట. దాని మీద ఆకు బొమ్మ, కింద పెద్దక్షరాలు. సుబ్బమ్మ రెండో తరగతి దాంక చదివింది, కూడబలుక్కోని చదవగలదు.

"ఏ... గుడ్డా... వృథా... కాదు" అని చదివింది. "ఇది ఎవరు రాసినారమ్మా?"

హరిత తల దించుకున్నది. "నేనే రాయించానండి. నా ఉద్యోగం అదే. బట్ట వృథా కాకుండా చూడటం." మల్ల అన్నది, "మూడేళ్ల నుంచి అడుగుతున్నాను, కోయొద్దు, కొత్త గుండీ కుట్టించి ఇద్దాం అని. పైవాళ్లు వినరు. ఈ అట్ట మాత్రం పెట్టనిచ్చారు."

"మల్లా మమ్మల్ని పట్టుకునేదానికి నిన్నే పంపినారా?"

"నన్నే పంపారు."

హేమంత్ తలుపు కాడ నిలబడి ఏసీ దిక్కు చూస్తున్నడు, అదేదో ఇయ్యాలనే కొత్తగ బిగిచ్చినట్టు.

హరిత కుర్చీ ముందుకు జరుపుకున్నది. "చూడండి అమ్మా. మీరు బయటికి ఏమీ తీసుకెళ్లలేదు, గేటు దగ్గర తనిఖీ ఉంది. మూటలు లారీ దగ్గర దారి మళ్లుతున్నాయి. బాలనర్సయ్య అని, ఆయన షెడ్డుకి పోతున్నాయి. అక్కడ ఎవరో కూర్చుని కుడుతున్నారు. బాలనర్సయ్య పేరు చెప్పట్లేదు, ఏం చేసుకుంటారో చేసుకోండి అంటున్నాడు. మా వాళ్లు ఆ కుట్టేవాళ్ల మీద కేసు పెట్టాలంటున్నారు. ఆ పేరొక్కటి తెలిస్తే ఈ మేజా ఇలాగే నడుస్తుంది. లేదంటే సోమవారం నుంచి ముక్కలు చేసే మిషను వస్తుంది. ఎనిమిది మందీ వెళ్లిపోవాలి. ఇది నేను ఆపలేను."

"నాకేం తెలుసు తల్లీ, ఎవరు కుడుతాండారో?" సుబ్బమ్మ నిజమే చెప్పింది. ఆ నిమిషానికి ఆమెకు తెల్వదు.

"మీరు ఇరవై ఏళ్లు కుట్టారటగా. ఒక్కసారి చూడండి. ఖాజాగూడలో టైలర్లందరూ మీకు తెలిసినవాళ్లే కదా." హరిత ఒక ఫ్రాకు తీసి చేతుల పెట్టింది.

నీలం ఫ్రాకు, దాని మీద పసుప్పచ్చ పిట్టలు. మూడేండ్ల పిల్లది. సుబ్బమ్మ దాన్ని గుర్తుపట్టింది. నాలుగు నెలల కింద తనే కోసింది. జిప్పు పాడైందని వాపసొచ్చింది. ఇప్పుడు జిప్పు తీసేసి, ఆ జాగల నాలుగు గుండీలు పెట్టిన్రు. నాలుగూ నాలుగు తీర్లు.

సుబ్బమ్మకు లోపల ఏదో మెత్తగైంది. తను పారబోసింది ఎవరో దోసిట్ల పట్టిన్రు. ఇన్ని దినాలు చెయ్యి ఎందుకు గట్ల పోయిందో, దానికి జవాబు ఈడ చేతులల్ల ఉన్నది.

"దారం చూడండి" అన్నది హరిత. "పదకొండింటికీ ఇదే దారం. నీలం గుడ్డకైనా, తెల్లగుడ్డకైనా ఒకటే పచ్చదారం."

సుబ్బమ్మకు నవ్వొచ్చింది. టైలర్ అన్నోడు నీలానికి పచ్చ ఎక్కిస్తడా? కుట్టు గూడ చూడు, మంచిగ పోయి పోయి ఒక్కకాడ తొవ్వ తప్పింది, మల్ల తడుముకోని తొవ్వకు వచ్చింది. "ఎవడో కండ్లు కనపడనోడు కుట్టినట్టుండాదమ్మా" అన్నది.

అన్నంక ఆ మాట ఆమెకే వినబడ్డది.

పొద్దుగాల తన రెండు వేళ్ల నడుమ పట్టుకోని పారేసిన దారం ముక్క. పచ్చది.

ఆమె ఫ్రాకును మెల్లగ తిరగేసింది. తిరగెయ్యొద్దు అనుకుంటనే తిరగేసింది. కింద అంచు కాడ మడత ఉన్నది. వేళ్లు పెట్టి చూసింది. రెండు వేళ్ల మడత. ఎవరు పెడ్తరు గంత మడత? ఒక్క వేలు పెట్టి గుడ్డ మిగిలిచ్చుకుంటరు అందరు. రెండు వేళ్ల మడత పెట్టేది ఖాజాగూడల ఒక్కడే. "పిల్ల ఏటికేడు పెరుగుతాది, ఫ్రాకు పెరగొద్దా? విప్పుకుంటారు లే" అనెటోడు. దాంతోని కొత్త ఫ్రాకులు కుట్టిచ్చుకునేటోళ్లు తక్కువై దుకాణానికి బేరాలు తగ్గుతున్నయని సుబ్బమ్మ ఎన్నిసార్లు కొట్లాడింది ఆ మడత గురించి!

కుట్టుమిషను ఏడికి పోయింది? బాలనర్సయ్య షెడ్డుకు. మనిషి యాడికి పోతున్నడు? చెరువు కట్ట మీద గాలికి. సంగటి ఒక ముద్ద ఎందుకు ఎక్కువైతున్నది?

ఓరి మనిషీ. నాకు చెప్పకపోతివి. నేను కోసింది అని తెలిసే కుడుతాండావా? తెలీకనే కుడుతాండావా?

తెలిసే ఉంటది. ముక్క చేతికి దొరికినప్పుడు, కుట్టు వెంబడి కోసిన అంచును ఆ వేళ్లు తడిమినప్పుడు, ఎవరి కత్తెరో తెల్వకుంట ఉంటదా? ఇరవై రెండేండ్లు ఒకటే మేజా మీద ఒకరు కోసింది ఇంకొకరు కుట్టిన్రు.

"ఇంకో సంగతండి" అంటున్నది హరిత. "మా డిజైన్ అమ్మాయి చూసి చెప్పింది. అంచు చేతికుట్టు చూడండి, వాలు అటు తిరిగి ఉంది. అందరూ వేసేదానికి ఎదురు. ఎడమచేతి వాళ్లు కుట్టారట. ఎడమచేతి టైలర్ అంటే ఎక్కువమంది ఉండరు కదండీ."

తలుపు కాడ హేమంత్ దగ్గిండు. ఖాజాగూడల పుర్రచేతి టైలర్ అంటే చిన్నపిల్లగాడు గూడ ఇల్లు చూపెడ్తడు. హేమంత్ చిన్నప్పుడు తొడిగిన స్కూలు నిక్కర్లు ఆ చేతి కుట్టే. ఆయన నోరు తెరిస్తే అయిపాయె. తెరుస్తలేడు. ఎంతసేపు తెరవకుంట ఉంటడు? ఆయనకు గూడ ఇల్లుంది, నౌకరీ ఉంది.

సుబ్బమ్మ అడకత్తెరల పోకచెక్క అయింది. పేరు చెప్తే ఎనిమిది మందికి కూడు. చెప్పకుంటె బయట టీ తాగుతున్న ఆ ఏడుగురు, పింకీతోని సహా, అందరు సోమారం సంది ఇంట్ల. చెప్తే, కండ్లు లేని మనిషి మీద కేసు. రెండేండ్లకు మల్ల నవ్విన మనిషి. ఆ షెడ్డులకెళ్లి లేపితే, ఇగ ఆ మనిషి మల్ల ఏ కట్ట మీద కూసున్నా ఒకటే.

మస్తు అలిసిపోయింది ఆమె. ఆ కుర్చీల గట్లనే కండ్లు మూసుకోని ఒరిగిపోవాలనిపిచ్చింది. ఎవరన్నా వచ్చి, సరే లేమ్మా, నువ్వు ఇంటికి పో, నేను చూసుకుంట అంటే బాగుండు. ఎవరంటరు?

ఫ్రాకును ఒళ్లె పెట్టుకోని, చేత్తోని చదును చేసింది.

"కుట్టింది గూడా నేనే" అన్నది.

హరిత కనురెప్ప గూడ కొట్టలే. "మీరా?"

"నేనే. ఆదివారం పోతా షెడ్డుకు. ఆడ మా మిషను ఉండాది, అమ్మినదే. కోసింది నేను, కుట్టింది నేను. కేసు పెడితే నా ఒక్కదాని మీద పెట్టు, వాళ్లను పనిలో ఉండనీ."

"అమ్మా, ఇందాక మీరు కుడిచేత్తో కోశారు. నేను వీడియో తీశాను."

సుబ్బమ్మ ఒక్క క్షణం ఆగలే. ఎనకట పెనిమిటి చెప్పిన మాట నోట్లకు దానంతటదే వచ్చింది. "కత్తెరలన్నీ కుడిచేతోళ్లకే చేస్తారు తల్లీ. పుర్రచేతోళ్లు ఏం జేసేది? కోసేది కుడితో, కుట్టేది ఎడంతో. ఏ టైలర్నన్నా అడుగు."

అది నిజమే. ఈశ్వరయ్య గట్లనే చేస్తడు. హరిత హేమంత్ దిక్కు తిరిగింది. "అంతేనా హేమంత్?"

హేమంత్ తల ఊపిండు. "అంతే మేడం. కత్తెరలు... కుడివే వస్తాయి."

హరిత ఆ ఫ్రాకును సుబ్బమ్మ ఒళ్లెకెళ్లి తీసుకున్నది. అంచు కాడ గోరంత మేర కుట్టు విప్పి ఉన్నది, ఆఫీసుల చూడనీకి విప్పిన్రేమో. ఆ జాగ మీద వేలు పెట్టి మల్ల సుబ్బమ్మ ముంగట పెట్టింది.

"అయితే ఇక్కడ నాలుగు కుట్లు వేయండి అమ్మా. చాలు. నేను వెళ్లి అదే రాసేస్తాను."

ఆ మాటల ఏమున్నదో సుబ్బమ్మకు అర్థం కాలే. నమ్మనీకి అడుగుతున్నదా, పట్టనీకి అడుగుతున్నదా? కండ్ల కింద నలుపు తప్ప ఆ మొఖంల ఏం చదవరాకుంట ఉన్నది.

"సూది లేదు కదా మేడం, రేపు చూద్దాం" అన్నడు హేమంత్.

"ఇప్పుడే హేమంత్."

సూది ఎందుకు లేదు? సుబ్బమ్మ నల్లపూసల కాడికి చెయ్యి పెట్టింది. రెండు పిన్నీసుల నడుమ ఒక సూది, దానికి చుట్టిన జానెడు దారం. టైలర్ పెండ్లాం మెడల తాళి ఎట్లనో సూది గట్ల. తీసింది. కొసను తడిచేసి, కన్నంల దారం ఎక్కిచ్చింది. కుడిచేత్తోనే ఎక్కిచ్చింది. చేతులకు చిన్నప్పటి అలవాటు కదా.

హరిత ఫోను తీసి మేజా మీద నిలబెట్టింది. ఎర్రచుక్క ఎలిగింది.

సుబ్బమ్మ సూదిని కుడిచేతికెళ్లి ఎడమచేతికి మార్చుకున్నది. యాభై ఎనిమిదేండ్ల బతుకుల ఆ చెయ్యి ఎన్నడూ సూది పట్టలే. ఇరవై రెండేండ్లు ఎదురుంగ కూసోని, ఇంకో ఎడమచెయ్యి ఎట్ల కుడుతదో చూసింది, గంతే. చూసిందంతా ఇప్పుడు ఆ వేళ్లకు చెప్పాలె. రెండు వేళ్ల మడత పట్టుకున్నది. సూది మొన గుడ్డ మీద ఆనింది.

ఆపు బిడ్డా, ఈడ ఆపు. ఇయ్యాల్టికి మాట అలిసింది, తక్కింది వచ్చే వారం.

మీ నాయనమ్మ మీ మేనత్తింట్ల ఉన్నది కదా, ఫోను చేసి ఇదంతా చదివి వినిపియ్యి. మేనత్తకు పనుంటే అది పక్కకు పెట్టి, ఫోను నాయనమ్మ చెవి కాడనే పెట్టమను. కుట్ల గురించి, మడతల గురించి నేనేమన్న తప్పు చెప్తే ఆమెనే దిద్దుతది, ఎన్నేండ్లో మిషను తొక్కిన మనిషి. ఆ రెండు వేళ్ల మడత కాడికి వచ్చినప్పుడు మాత్రం, దివ్యా, జర మెల్లగ చదువు.